పళ్ళెమును తువాలును: క్రైస్తవ చరిత్రలో పాదప్రక్షాళనము

మన యిండ్లలో కాళ్ళు కడుగుట క్రొత్త ఆచారము కాదు. ఎండనబడి వచ్చిన చుట్టమునకు కుశలప్రశ్నకు ముందే కాళ్ళకు నీళ్ళిచ్చుట మన పెద్దలు నేర్పిన మర్యాద. పెండ్లిపీటలమీద అత్తగారు నీళ్ళు పోయగా మామగారు అల్లుని పాదములు కడిగి కన్యాదానము చేయుదురు. చినిగిన ఉత్తరీయముతో వచ్చిన కుచేలుని పాదములను ద్వారకాధీశుడు కడిగిన కథ తెలియని తెలుగిల్లు లేదు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక సంగతి తోచును. అతిథి దేవునితో సమానుడు కావున వాని కాళ్ళకు నీళ్ళిత్తుము. వరుడు సాక్షాత్తు శ్రీమన్నారాయణుడను భావముతో మామగారు వాని పాదములు కడుగును. అనగా తన్ను తాను చిన్నవానిగా నెంచుకొన్నవాడు పెద్దవానికి చేయు గౌరవమిది. కుచేలుని కథ విన్నపుడు మన కన్ను చెమర్చుటకు కారణము, అందులో ఈ వరుస తలక్రిందులగుటయే.

అట్లు తలక్రిందులైన మఱియొక పాదప్రక్షాళనమును గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి. అది యెరూషలేము నగరమున ఒక రాత్రి జరిగినది. క్రైస్తవులు దానిని కథగా చెప్పుకొనుటతో తృప్తిపడలేదు. ఆచారముగా నిలుపుకొనిరి. రెండువేల యేండ్లుగా ఒక నీళ్ళ పళ్ళెమును, ఒక తువాలును మఠములలోనికి, రాజమందిరములలోనికి, పల్లెటూళ్ళ పాకలలోనికి, చెఱసాలలలోనికి ప్రయాణము చేసినవి. ఆ రెండు వస్తువుల వెంట మనమును కొంతదూరము నడచినచో, వినయముతో చేయు సేవకును మనసార చేయు క్షమకును గల సంబంధము చరిత్ర ముఖముననే మనకు బోధపడగలదు.

యోహాను సువార్తలోని పదమూడవ అధ్యాయము ఈ కథకు ఆధారము. క్రీస్తుశకము 30వ సంవత్సరము ప్రాంతమున, పస్కా పండుగ సమీపించిన వేళ, యేసు తన శిష్యులతో కూడ రాత్రి భోజనమునకు కూర్చుండెను. యూదయ దేశపు బాటలు దుమ్ముతో నిండినవి. జనులు తొడిగెడి పాదరక్షలు అడుగుతోలును నాలుగు వారులును మాత్రమే కలవి. కావున భోజనమునకు ముందు కాళ్ళు కడుగుట తప్పనిసరి. ఇంట దాసుడున్నచో ఆ పని వానిది. హీబ్రూ జాతికి చెందిన దాసునిచేత ఈ పని చేయింపరాదను మాట యూదుల ప్రాచీన ధర్మవ్యాఖ్యానములలో కానవచ్చును. దాసులలోను తక్కువవాని పని యన్నమాట. ఆ రాత్రి ఆ పనికై ఎవరును లేవలేదు. గురువే లేచెను. పైవస్త్రమును తీసి ప్రక్కన పెట్టి, నడుమునకు తువాలు కట్టుకొని, పళ్ళెములో నీళ్ళు పోసి, వరుసగా శిష్యుల పాదములను కడిగి తుడువసాగెను.

పేతురు అనువాడు కాళ్ళు వెనుకకు లాగుకొనెను. గురువు శిష్యుని పాదములు పట్టుకొనుట వాని మనస్సునకు సరిపడలేదు. కడుగనీయనిచో తనతో నీకు పొత్తు లేదని యేసు చెప్పినపుడు, అట్లయిన చేతులను తలను గూడ కడుగుమని వాడు తొందరపడెను. ఈ ఘట్టమును చదువునపుడు పాఠకుల దృష్టి సాధారణముగా పేతురుమీదనే నిలుచును. కాని ఆ వరుసలో యూదా ఇస్కరియోతు అనువాడును కూర్చుండియుండెను. గురువును శత్రువులకు పట్టియిచ్చుటకు వాడప్పటికే నిశ్చయించుకొనియుండెను. వాని తలంపు యేసునకు తెలియునని సువార్తకారుడు స్పష్టముగా వ్రాసెను. తెలిసియు వానిని తప్పించి తరువాతివాని కడకు పోలేదు. పాదప్రక్షాళనము ముగిసి, రొట్టెముక్క చేతికందిన తరువాతనే యూదా లేచి చీకటిలోనికి వెడలెను. ద్రోహము చేయుటకు పోయిన ఆ పాదములు గురువు అప్పుడే కడిగి తుడిచిన పాదములు.

ఇంతటితో కథ ముగియలేదు. గురువును బంధించినపుడు శిష్యులు చెదరిపోయిరి. పేతురు మాత్రము దూరదూరముగా వెంటబడి, ప్రధానయాజకుని ముంగిటిలో సేవకులు వేసికొన్న బొగ్గుల మంట యొద్ద చలి కాచుకొనుచు, ఆ మనుష్యుని తానెఱుగనని ముమ్మాఱు బొంకెను. అదే సువార్త చివరి యధ్యాయములో మఱియొక బొగ్గుల మంట కలదు. గలిలయ సరస్సు ఒడ్డున, తెల్లవాఱుజామున, పునరుత్థానుడైన యేసు తానే నిప్పు రగిల్చి, చేపలు కాల్చి, రాత్రియంతయు వల వేసి అలసిన శిష్యులను ఫలాహారమునకు పిలిచెను. బొగ్గుల మంటకు వాడిన గ్రీకు పదము క్రొత్తనిబంధన మొత్తములో ఈ రెండుచోట్ల మాత్రమే కలదు. ఆ మంట యొద్ద పేతురును ముమ్మాఱు ఒకటే ప్రశ్న అడిగెను: నీకు నాయందు ప్రేమ కలదా యని. క్షమించితినను మాట ఆ సంభాషణమున ఎక్కడను లేదు. ఆ మాటకు బదులుగా మందను కాచెడి పని వానికి అప్పగింపబడెను. తప్పు చేసినవానిని మరల నమ్ముట, వానికి అన్నము పెట్టుట, వానిచేతికి సేవను అప్పగించుట, ఇదియే అచ్చటి క్షమ. దీనిని గుర్తుంచుకొని చరిత్రలోనికి పోవుదము.

తొలికాలపు క్రైస్తవ సంఘములలో పాదప్రక్షాళనము పండుగనాటి తంతు కాదు. అది ఇంటిపని. ఆదరణ పొందదగిన వితంతువు ఎట్టిదై యుండవలెనో చెప్పునపుడు, తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక, పిల్లలను పెంచుట, పరదేశులకు ఆతిథ్యమిచ్చుట మున్నగువానితోపాటు భక్తుల పాదములు కడుగుటను గూడ పేర్కొన్నది. 4వ శతాబ్దమున ఇటలీదేశపు మిలాను నగరములో, అంబ్రోసు పీఠాధిపతిగా నున్న కాలమున, క్రొత్తగా బాప్తిస్మము పొందినవారి పాదములను కడుగు వాడుక యుండెను. రోము నగరమున ఆ వాడుక లేదు.

ఈ పనికి నిత్యజీవితమున స్థిరమైన చోటు కల్పించినవాడు బెనెడిక్టు అను మఠాధిపతి. 6వ శతాబ్దపు పూర్వార్ధమున రోము నగరమునకు దక్షిణమున నున్న మోంటే కస్సీనో కొండపై ఆయన తన మఠవాసులకై ఒక నియమావళిని కూర్చెను. అందులోని ముప్పదియైదవ ప్రకరణము వంటయింటిని గూర్చినది. మఠవాసులందఱు వారమునకు వంతున వంట చేయవలెను. శనివారమునాడు వంతు తీఱినవాడు, సోదరులు చేతులు కాళ్ళు తుడుచుకొన్న తువాళ్ళను ఉతికి, పాత్రలను శుభ్రముగా తోమి అప్పగింపవలెను. వంతు తీఱినవాడును, వంతు మొదలిడబోవువాడును కలిసి అందఱి పాదములను కడుగవలెను. ఏబదిమూడవ ప్రకరణమున అతిథుల మాట వచ్చును. మఠాధిపతి తానే అతిథుల చేతులకు నీళ్ళు పోయవలెను. మఠవాసులందఱితో కలిసి వారి కాళ్ళు కడుగవలెను. అందును పేదలయెడ, బాటసారులయెడ అధికమైన శ్రద్ధ వహింపవలెను. ధనవంతులకైనచో వారియెడ గల భయమే మర్యాదను సంపాదించి పెట్టునని ఆయన యభిప్రాయము.

అదే నియమావళిలో మఱియొక చిన్న విధి కలదు. ప్రభువు నేర్పిన ప్రార్థనను ప్రతిదినము ఉదయ సాయం ప్రార్థనల చివర మఠాధిపతి అందఱికి వినబడునట్లు బిగ్గఱగా చెప్పవలెను. ఒకేచోట బ్రదుకు మనుష్యుల నడుమ కలహములు ముళ్ళవలె మొలచుచుండును. తాము ఇతరులను క్షమించునట్లు తమ్మును క్షమింపుమని వేడుకొను ఆ వాక్యము చెవినబడినపుడెల్ల ఎవరి ముల్లును వారు పెఱికివేసికొనవలెను. ఇల్లు నడిపిన అనుభవము గలవాని మాట ఇది. శనివారమునాడు ఎవని కాళ్ళు కడుగవలెనో వానిమీద శుక్రవారము రాత్రి పగ పట్టి పండుకొనుట కష్టము. వంటయింటి వంతును, పగ తీర్చుకొనరాదను విధియు ఒకే గోడకు రెండు ప్రక్కలని బెనెడిక్టు ఎఱుగును.

కాలక్రమమున ఈ పని మఠము గడప దాటి దేవాలయపు వేడుకయైనది. 694వ సంవత్సరమున స్పెయిను దేశపు టొలెడో నగరమున కూడిన పదునేడవ మహాసభ, పవిత్ర గురువారమునాడు ప్రతి పీఠాధిపతియు పాదప్రక్షాళనము చేసి తీఱవలెనని శాసించెను. చేయనివారికి దండన గూడ విధించెను. ఒక మంచి పనికి దండనతో కూడిన శాసనము అవసరమైనదన్నచో అప్పటికే అది మఱుగున పడుచుండెనని ఊహింపవచ్చును. లాటిను భాషలో ఆజ్ఞ యను నర్థము గల మాండాటుమ్ అను మాటనుండి ఇంగ్లీషువారి మాండీ అను మాట పుట్టినది. వారికి నేటికిని అది మాండీ గురువారమే.

రాజులును ఈ పనికి పూనుకొనిరి. ఇంగ్లండు రాజు జాను 1210లో నేర్స్‌బరో అను ఊర పేదలకు వస్త్రములను భోజనమును పంచెను. 1213లో రోచెస్టరున వెండినాణెములను పంచెను. రాజు వయస్సు ఎన్ని యేండ్లో అంతమంది పేదలను పిలుచు పద్ధతి 15వ శతాబ్దపు ఆరంభమున నాలుగవ హెన్రీ కాలమున మొదలైనది. 1573 ప్రాంతమున మొదటి ఎలిజబెత్తు రాణి చేసిన పాదప్రక్షాళనమును చూచినవారు వ్రాసియుంచిరి. రాణి వయస్సు ముప్పదితొమ్మిది; పీటలపై ముప్పదితొమ్మండుగురు పేద స్త్రీలు. ముందుగా బట్టలుతుకు శాలవారు సుగంధపుష్పములు కలిపిన గోరువెచ్చని నీటితో వారి పాదములు కడిగిరి. తరువాత దానాధికారి సహాయకుడు కడిగెను. అటుపిమ్మట దానాధికారి కడిగెను. మూడుమాఱులు కడుగబడి పరిమళించుచున్న ఆ పాదములను నాలుగవ మాఱు రాణి కడిగెను.

ఈ వృత్తాంతమును చదివి నవ్వుట తేలిక. మేము నవ్వజాలము. ఆ దినమున ఆ స్త్రీలు వస్త్రములును, రొట్టెయు, చేపలును, ద్రవ్యమును పొంది యిండ్లకు పోయిరి. అది వారికి నిజమైన లాభమే. ఇంగ్లండులో 18వ శతాబ్దపు పూర్వార్ధమునాటికి కడుగుట మానివేయబడెను; తుదకు నాణెములు మాత్రము మిగిలినవి. 2023లో మూడవ చార్లెస్ రాజు యార్కు మహాదేవాలయములో డెబ్బదినలుగురు పురుషులకును డెబ్బదినలుగురు స్త్రీలకును ఆ నాణెముల సంచులనిచ్చెను. దానాధికారి నడుమునకు తువాలు నేటికిని కట్టబడుచున్నది. పళ్ళెములో నీళ్ళు మాత్రము లేవు. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్సిస్ జోసెఫ్ తన వియన్నా మందిరమున పన్నిద్దఱు ముదుసలుల పాదములను ఏటేట కడుగుచుండెను. ఇన్ని మందిరములలోను తువాలు కలదు, వినయపు భంగిమ కలదు, దానము కలదు. ఒక్కటి మాత్రము లోపించినది. ఆ పీటలపై కూర్చుండినవారు రాజునకు ఏ యపకారమును చేయని నిరుపేదలు. యూదా కూర్చుండిన చోటు ఖాళీగా నుండెను.

ఆ ఖాళీ చోటును మరల నింపినవారు మందిరములలోనివారు కారు; తమ దేశములలోనే తఱుమబడినవారు. 1525లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున, పెద్దవారైన తరువాతనే బాప్తిస్మము పొందవలెనని వాదించిన ఒక వర్గము పుట్టెను. ఆయుధము పట్టుటయు ప్రమాణము చేయుటయు తగదని వీరిలో పలువురి నమ్మకము. కతోలికులును ప్రొటెస్టెంటులును గూడ వీరిని వేటాడిరి. నెదర్లాండులో మెన్నో సైమన్స్ అను బోధకుని పేర వీరికి మెన్నొనైటులను నామము కలిగెను.

1569లో నెదర్లాండులోని ఆస్పెరెన్ అను ఊర డిర్కు విలెమ్స్ అను ఒక యువకుడు ఈ మతమవలంబించినందుకు బంధింపబడెను. గుడ్డలను ముడివేసి త్రాడుగా చేసి, కిటికీనుండి దిగి పాఱిపోయెను. కావలివాడొకడు వెంటబడెను. శీతకాలపు చివరిరోజులు, చెఱువుపైనున్న మంచు పలుచబడినది. డిర్కు దానిని దాటి ఆవలి యొడ్డు చేరెను. వెంటబడినవాడు మంచు పగిలి నీళ్ళలో కూలెను. డిర్కు ఆగెను. వెనుకకు తిరిగి వచ్చి, వానిని పైకి లాగి బ్రదికించెను. వాడు డిర్కును విడిచిపెట్టగోరెననియు, ఒడ్డుననున్న నగరాధికారి వాని ప్రమాణమును జ్ఞప్తికి తెచ్చి పట్టుకొనుమని కేక వేసెననియు చెప్పుదురు. డిర్కు మరల బంధింపబడి, ఆ యేడు మే 16వ తేదీన సజీవముగా దహింపబడెను. 1660లో అచ్చైన హతసాక్షుల చరిత్రలో ఈ కథ చేరినది. 1685నాటి ప్రతికి యాన్ లైకెన్ అను చిత్రకారుడు చెక్కిన బొమ్మలో, డిర్కు మోకాళ్ళపై వంగి, నీళ్ళలోనివానికి రెండు చేతులను చాచియున్నాడు. పళ్ళెము లేదు, తువాలు లేదు. కాని ఆ వంగిన నడుమును మనమెఱుగుదుము.

డిర్కు వంటివారి మనుమలు 1632లో డోర్డ్రెక్టు నగరమున పదునెనిమిది అంశములుగల ఒక విశ్వాసప్రకటనమును వ్రాసికొనిరి. అందులో పదునొకండవది పాదప్రక్షాళనమును గూర్చినది. పదునాల్గవది పగ తీర్చుకొనరాదనునది. బెనెడిక్టు నియమావళిలో వలెనే, ఆ రెండును మరల ఒకే కప్పు క్రిందికి వచ్చినవి. మన పాలమూరు ప్రాంతమునకును ఈ వృక్షపు నీడ సోకినది. 20వ శతాబ్దమున ఆ జిల్లాలో పాఠశాలలను, జడ్చర్లలో వైద్యశాలను నెలకొల్పిన మెన్నొనైట్ బ్రదరన్ మిషను ఈ పరంపరలోనిదే.

ఈ కొమ్మనుండి 1693లో యాకోబు అమ్మాన్ అను బోధకుని వెంట చీలిన శాఖయే ఆమిషులు. 18వ శతాబ్దమున వారు అమెరికాకు వలసపోయి, పెన్సిల్వేనియా మున్నగు రాష్ట్రములలో సేద్యము చేసికొనుచు, గుఱ్ఱపుబండ్లలో తిరుగుచు, సాదా దుస్తులతో కాలము గడపుచున్నారు. ఏటికి రెండుమాఱులు, వసంతమునను శరత్తునను, వారు ప్రభువు భోజనము నాచరింతురు. దానికి ముందు ఒక సభ జరుగును. అందఱితోను సమాధానముగా నున్నామని ఒక్కొక్కరు చెప్పవలెను. తీఱని తగవు మిగిలినచో ఆచరణమునే వాయిదా వేయుదురు. అన్నియు సరిపడిన తరువాత, రొట్టెను ద్రాక్షారసమును పుచ్చుకొని, ఇరువురిరువురుగా ఒకరి పాదములొకరు కడుగుదురు. రాణిగారి మందిరమునకును ఈ సేద్యగాని యింటికిని భేద మిదియే. ఇచ్చట కడిగినవాడు మఱునిమిషమున కూర్చుండి తన కాళ్ళు కడిగించుకొనవలెను. కడుగువాడు తగవుపడిన పొరుగువాడే కావచ్చును.

2006 అక్టోబరు 2వ తేదీన ఈ యభ్యాసమునకు ఘోరమైన పరీక్ష వచ్చినది. పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ అను పల్లెలో, ఒకే గదిగల ఆమిషుల బడిలోనికి ఒక మనుష్యుడు తుపాకులతో ప్రవేశించెను. అతడు ఆమిషుడు కాడు. ఆ చుట్టుప్రక్కల పాలలారీ నడుపువాడు. బాలురను వెలుపలికి పంపివేసి, పదిమంది బాలికలను కాల్చి, తన్ను తాను కాల్చుకొనెను. ఐదుగురు బాలికలు మరణించిరి. ఆ దినమే ఆమిషులు కొందఱు ఆ హంతకుని భార్య కడకును తల్లిదండ్రుల కడకును పోయి, మీయెడ మాకు పగ లేదని చెప్పిరి. అతని భూస్థాపనమునకు వచ్చినవారిలో సగమునకు పైగా ఆమిషులే. లోకము నలుమూలలనుండి తమకు వచ్చిన సహాయద్రవ్యములో కొంతభాగమును అతని భార్యాబిడ్డలకు గూడ ఇచ్చిరి.

లోకము విస్తుపోయెను. ఇంత త్వరగా క్షమించుట సహజమా యని కొందఱు సందేహించిరి. ఆ సందేహము తప్పు కాదు. కుమార్తెను పోగొట్టుకొన్న తల్లి గుండెలోని మంట ఒక మాటతో చల్లాఱదు. క్షమను ప్రతి యుదయమున మరల మొదలుపెట్టవలసియే యుండును. కాని ఆ దినమున వారు పొరుగింటి తలుపు తట్టగలిగిరన్నచో, ఏటికి రెండుమాఱులు తరతరములుగా వంగుట నేర్చిన నడుములు కావుననే అది సాధ్యమైనదని మా నమ్మకము. కథలోని మఱియొక భాగము ఇంకను ఆశ్చర్యకరమైనది. గాయపడి బ్రదికిన బాలికలలో ఒకరు లేవలేని స్థితిలో మిగిలినది. ఆ హంతకుని తల్లి వారమునకొక దినమున ఆ యింటికి పోయి, ఆ బాలికకు స్నానము చేయించి, పుస్తకము చదివి వినిపించుచు ఎన్నో యేండ్లు గడపెను. క్షమింపబడినవారింటి స్త్రీ క్షమించినవారింట నీళ్ళ పాత్రయు తువాలును చేతబట్టెను. గలిలయ సరస్సు ఒడ్డున పేతురునకు పని యప్పగింపబడినట్లే, ఈ తల్లికిని ఒక పని యప్పగింపబడినది.

ఇట్టిది మన దేశమునను జరిగినది. మన పొరుగునున్న ఒడిశాలోని బరిపదలో గ్రాహం స్టెయిన్స్ అను ఆస్ట్రేలియా దేశీయుడు 1965నుండి కుష్ఠురోగులకు సేవ చేయుచుండెను. 1999 జనవరి 22వ తేదీ రాత్రి, మనోహర్‌పూర్ అను గ్రామమున తన వాహనములో నిద్రించుచుండగా, పది యేండ్ల ఫిలిప్పు, ఆఱేండ్ల తిమోతి అను కుమారులతో సహా ఆయన దహింపబడెను. భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించితినని చెప్పి, కుమార్తెతో బరిపదలోనే నిలిచి, 2004వఱకు ఆ రోగుల సేవను కొనసాగించెను. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. నేరమునకు న్యాయస్థానము విధించు శిక్ష వేఱు, తన మనసులోని క్షమ వేఱు అని ఆమె విడమఱచి చెప్పెను. న్యాయస్థానము తన పని తాను చేసెను. ఆమె తన పని తాను చేసెను. క్షమ యన్నచో అన్యాయమును కప్పిపుచ్చుట యని భయపడువారు ఈ వివేకమును గమనింపవలెను. బాధితునిచేత ఇతరులు బలవంతముగా పలికించునది క్షమ కాదు. బాధితుడు తానై ఇచ్చునదే క్షమ.

మందిరములలో మిగిలిన పళ్ళెము సంగతి ఏమైనదని పాఠకులు అడుగవచ్చును. అదియు ఊరక యుండలేదు. 1955లో పన్నెండవ పయస్ పోపు పవిత్రవారపు విధులను సంస్కరించి, పాదప్రక్షాళనమును గురువారపు సాయంపూజలోనికి తెచ్చెను. 2013 మార్చి 28వ తేదీన, అధికారమునకు వచ్చి పదునైదు దినములు మాత్రమే గడచిన ఫ్రాన్సిస్ పోపు, మహాదేవాలయమును విడిచి రోములోని బాలనేరస్థుల నిర్బంధశాలకు పోయెను. పండ్రెండుగురు నిర్బంధితుల పాదములను కడిగెను. వారిలో ఇరువురు యువతులు, మహమ్మదీయులును కలరు. ఎన్నో శతాబ్దములుగా సత్ప్రవర్తన గల పేదలు కూర్చుండిన పీటలపై తప్పు చేసినవారు కూర్చుండిరి. యూదా చోటు మరల నిండినది.

అటుపై ఆయన దాదాపు ప్రతియేటను చెఱసాలలకో, శరణార్థుల కడకో, రోగుల కడకో పోవుచుండెను. 2025 ఏప్రిల్ 17వ తేదీన, ఎనుబదియెనిమిదేండ్ల వయస్సున, దీర్ఘరోగమునుండి అప్పుడే తేఱుకొన్న ఆయన రోములోని రెజీనా చేలీ చెఱసాలకు వచ్చెను. వంగుటకు దేహము సహకరింపలేదు. ఈ యేడు కాళ్ళు కడుగలేకపోయితిననియు, అయినను మీ దగ్గఱ నుండవలెనని వచ్చితిననియు ఖైదీలతో చెప్పెను. నాలుగు దినముల తరువాత, 21వ తేదీన, మరణించెను.

పళ్ళెము వెంట మన నడక ఇచ్చట ఆగుచున్నది. ఈ చరిత్రనుండి మాకు తోచినదొక్కటే. సేవకు క్షమ తోడుకానిచో అది పైనుండి జాఱవిడిచిన దానమగును. ఇచ్చినవాని పేరు పెరుగును గాని ఇరువురి నడుమ దూరము తఱుగదు. క్షమకు సేవ తోడుకానిచో అది పెదవిమీది మాటయగును. చెప్పినవాడు మఱచిపోవును, విన్నవాడు నమ్మడు. రెండును కలిసినచోట, ఎంత చిన్న యింటిలోనైనను, మనుష్యుడు మనుష్యుని కడ మరల తలయెత్తి నిలువగలడు. రాజమందిరమునకు అసాధ్యమైనది సేద్యగాని యింట సాధ్యమైనది ఇందుచేతనే.

మన పెరళ్ళలోను నీళ్ళ బానలు కలవు. దండెములపై తువాళ్ళు కలవు. గడపలోనికి వచ్చిన చుట్టమునకు కాళ్ళకు నీళ్ళిచ్చునపుడు, ఎన్నో యేండ్లుగా మాటలాడక దూరమైన అన్నదమ్ముడొకడు మనకును ఉన్నాడేమో, వాని కాళ్ళకు నీళ్ళిచ్చి యెన్నాళ్ళైనదో, ఒక్క నిమిషము ఆలోచించుకొందము.